టిక్కుమనే నాబ్

మా మామగారికి 'సుమారుగా' అన్న మాట వినబడితే చాలు, చెవిలో చీమ దూరినట్టు తల విదిలిస్తారు. 'అనిపిస్తోంది' అంటే ఇంకా కోపం. కాపురానికి వచ్చిన కొత్తలో ఓ రోజు "మామయ్యా, ఇస్త్రీపెట్టె షాక్ కొడుతున్నట్టు అనిపిస్తోంది" అన్నాను. ఆయన చదువుతున్న పేపరు మడిచిపెట్టి, లోపలినుంచి మీటరు తెచ్చి, దాని రెండు తీగలూ ఆనించాల్సిన చోట ఆనించి, "అనిపించడం కాదమ్మా, కొడుతోంది. నలభై రెండు వోల్టులు" అని చెప్పి, ప్లగ్గు పీకేసి మళ్ళీ పేపరు అందుకున్నారు. బాగుచేసింది మాత్రం మర్నాడు. ముందు నిజం తేలాలి, మిగతావన్నీ తర్వాత.

వీధిలో ఆయన్ని మీటరు గారంటారు. ఎదురుగా అనరు, కానీ ఆయనకు తెలుసు, తెలిసినా బాధపడరు. ముప్పై ఎనిమిదేళ్ళు రేడియోలు, టేప్ రికార్డర్లు, ఆంప్లిఫయర్లు బాగుచేసి బతికిన మనిషి. జనం రేడియోలు బాగుచేయించుకోవడం మానేశాక దుకాణం మూసి, బల్ల ఒక్కటీ ఇంటికి మోయించుకొచ్చి వెనక వరండాలో వేసుకున్నారు. బల్ల మీద సోల్డరింగ్ ఐరన్, మీటరు, పిడి విరిగిన భూతద్దం. బల్ల కింద పదకొండు బిస్కెట్ డబ్బాలు. ఏ డబ్బాలో ఏముందో పైన రాసి ఉండదు, ఆయన బుర్రలో రాసి ఉంటుంది. మా వారు చిన్నప్పుడు వాటిలో బిస్కెట్ల కోసం వెతికి వెతికి భంగపడ్డారట. ఆ కోపం తీరకో ఏమో, సర్వేయరు ఉద్యోగం పట్టి వారానికి ఐదు రోజులు పొలాల గట్ల మీదే ఉంటారు. కాబట్టి ఈ కథలో ఆయన కనబడరు.

నా సంగతీ చెప్పాలి. నేను ప్రెస్సులో ప్రూఫులు చూస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇతరుల తప్పులు వెతకడమే ఉద్యోగం కాబట్టి ఇంటికొచ్చాక కూడా ఆ బుద్ధి పోదు. మామయ్యకు అంకె తప్పితే కోపం, నాకు అక్షరం తప్పితే కోపం. మా ఇద్దరి మధ్యా అత్తయ్య ఎలా వేగుతోందో ఆవిడకే తెలియాలి.

అత్తయ్యది రఫూ పని. మేకు తగిలి చిరిగిన కోట్లు, నిప్పురవ్వ పడి కాలిన శాలువాలు, ఎలుక కొరికిన పట్టు చీరలు ఆవిడ దగ్గరికి వస్తాయి. ఆ బట్టలోనే, లోపలి కుట్టు మడతలోంచి ఒక్కో పోగూ లాగి, ఆ పోగుల్ని చిల్లు మీద మళ్ళీ నేస్తుంది. బట్ట రెండు పోగులు పైనా రెండు పోగులు కిందా నేసినదైతే ఆవిడ సూది కూడా అలాగే వెళ్ళాలి. ఒక్కటి తప్పిందా, ఆ చోట మచ్చలా కనబడుతుంది. పని అయ్యాక అత్తయ్య బట్టను వాళ్ళ చేతిలో పెట్టి ఒకే మాట అంటుంది. "ఎక్కడ చిరిగిందో చూపించండి." వాళ్ళు వెలుతురుకు పట్టి చూస్తారు, తిరగేసి చూస్తారు, వేళ్ళతో తడుముతారు. దొరకదు. అప్పుడు ఆవిడ మొహం చూడాలి. నగ పెట్టుకున్నా అంత వెలగదు.

ఆ కళ్ళకు కిందటేడు ఆపరేషన్ అయింది. అయ్యాక కూడా పూర్తిగా కుదుటపడలేదు. వెలుతురు ఎక్కువైతే అంతా తెల్లగా చెదిరిపోతుంది, తక్కువైతే పోగులు కలిసిపోతాయి. రెండిటికీ మధ్య ఎక్కడో సన్నటి చోటు ఉంది, అక్కడ మాత్రం బాగా కనబడుతుంది. ఆ చోటు తెల్ల బట్టకు ఒకటి, నల్ల బట్టకు ఒకటి, పొద్దున ఒకటి, మధ్యాహ్నం అలిసిపోయాక ఇంకొకటి. కళ్ళ డాక్టరు మంచాయన. "అద్దాలైతే నేను రాసివ్వగలనమ్మా, వెలుతురు రాసివ్వలేను. అది మీరే చూసుకోవాలి" అన్నాడు. మా ఇంట్లో చూసుకోవడానికి ఏముంది? అత్తయ్య కూర్చునే గది కిటికీకి ఎదురుగా పక్కింటి గోడ. ఎండ ఆ గోడకు తగిలి, నీరసపడి మా గదిలోకి వస్తుంది.

ఒక సోమవారం పొద్దున నేను ప్రెస్సుకు బయల్దేరుతుంటే అత్తయ్య తన సూదుల డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. పాతిక పైగా సూదులు, కొన్నయితే వెంట్రుకంత సన్నవి.

"ఇవి నువ్వు ఉంచుకో. గుండీలు కుట్టుకోడానికి పనికొస్తాయి" అంది.

"వీటితో గుండీలా? మీకేమైనా పిచ్చా అత్తయ్యా?"

"పిచ్చి కాదు. నిన్న ఒక శాలువా రెండుసార్లు విప్పి మళ్ళీ వేశాను. మూడోసారి కూడా తప్పే వచ్చింది. ఇంక చాలు. నిన్న సాయంత్రం ఎవరో లాయరమ్మ తన నల్ల కోటు తెచ్చి బతిమాలుకుంటే కాదనలేక పుచ్చుకున్నాను. శనివారం మధ్యాహ్నం వస్తానంది. ఈలోగా అయితే అయింది. కాకపోతే ఆ కోటు అలాగే ఇచ్చేసి దణ్ణం పెట్టేస్తాను."

ఏడుస్తూ చెబితే నేనూ ఓదార్చేదాన్ని. ఆవిడ కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటతోనే ప్రెస్సులో నాలుగు ఫారాలు తప్పుల్లేకుండా చూసి, సాయంత్రం వస్తూ వస్తూ పెద్ద కొట్లోకి వెళ్ళి టేబుల్ లాంప్ ఒకటి కొన్నాను. మీట నొక్కితే మూడు రకాల వెలుతురు వస్తుంది.

మామయ్య దాన్ని చూశారు. జేబులోంచి పెన్సిలు తీసి దాని వెలుతురులో గబగబా అటూ ఇటూ ఊపారు.

"ఏం కనబడుతోంది?"

"పెన్సిలు."

"ఎన్ని?"

నిజమే. ఒక పెన్సిలు కాదు, విసనకర్ర పుల్లల్లా పది పెన్సిళ్ళు విడివిడిగా కనబడుతున్నాయి.

"వెలుగు తగ్గించడం లేదమ్మా ఇది. ఆర్పి వెలిగిస్తోంది, సెకనుకు వందసార్లు. నీకూ నాకూ తెలీదు, మీ అత్తయ్య కళ్ళకు తెలుస్తుంది" అన్నారు.

అత్తయ్య దాని కింద పావుగంట కూర్చుని తల పట్టుకుంది. పైగా మూడు మెట్లలో మొదటిది చాలదట, రెండోది ఎక్కువట. "మొదటిదానికీ రెండోదానికీ మధ్యలో ఉంది నాకు కావలసింది. అక్కడ మీట లేదు" అంది. నేను ముచ్చటపడి తెచ్చిన లాంప్ అటక ఎక్కింది. నాకు ఉక్రోషం వచ్చిన మాట నిజం. "అయితే మీరే చేయండి మామయ్యా" అనేసి లోపలికి వెళ్ళిపోయాను.

ఆయన చేశారు.

ఎల్ఈడీ దీపానికి నేరుగా కరెంటు ఇస్తే మాడిపోతుందట. అది ఎంత తాగాలో అంతే కొలిచి పోసే సర్క్యూట్ ఒకటి మధ్యలో ఉండాలి. దాన్ని డ్రైవరు అంటారు. డ్రైవరంటే మా ప్రెస్సు వ్యాను నడిపే అతను ఒక్కడే నాకు తెలుసు, అతను కొలిచి తాగే రకం కాదు. ఆ మాట అంటే మామయ్య నవ్వలేదు, సోల్డరింగ్ ఐరన్ వేడెక్కిందో లేదో చూసుకుంటున్నారు. డెబ్బై ఒకటో ఏట, రేడియోల్లో ఎన్నడూ లేని ఆ కొత్త భాగాలను భూతద్దం కింద పెట్టుకుని, మంగళవారం ఒక్క రోజులో ఆ డ్రైవరు తయారుచేశారు. దీపం వేడిని లాగేయడానికి పాత అల్యూమినియం పళ్ళెం కోసి వెనక బిగించారు. పెన్సిలు ఊపితే ఒకటే మసక గీత. ఆర్పి వెలిగించడం కాదు, కరెంటే నెమ్మదిగా తగ్గడం, నెమ్మదిగా పెరగడం. నేను ఆయన్ని ఎంత ఆటపట్టించినా ఈ మాట మాత్రం పైకే చెబుతాను. అలాంటి పనితనం నా ఎరుకలో ఇంకొకరి దగ్గర చూడలేదు. సోల్డర్ చుక్కలు ఒక్కొక్కటీ మినప గింజంత, అన్నీ ఒకే సైజు.

ఇక మిగిలింది తిప్పే నాబ్ ఒక్కటే. దాని వెనక ఉండే భాగాన్ని పుస్తకాల్లో పొటెన్షియోమీటరు అంటారు, ఆయన మాత్రం కంట్రోల్ అంటారు. లోపల గుర్రపునాడా ఆకారంలో నల్ల పట్టీ, దాని మీద జరిగే చిన్న రేకు. తిప్పినకొద్దీ రేకు జరిగి కరెంటు మారుతుంది. రూపాయి బిళ్ళంత వస్తువు. పెద్ద పనంతా అయిపోయింది, ఇదెంతలే అనుకున్నాం.

మూడు రోజులు మా తల ప్రాణం తోకకు తెచ్చింది అదే.

బుధవారం ఆయన బజారునుంచి కొత్త కంట్రోల్ తెచ్చి బిగించారు. దాని మీద B అని, పక్కన పది కిలో ఓములని, అంటే పది వేలని, రాసి ఉంది. అత్తయ్య కోటు ఒళ్ళో వేసుకుని కూర్చుంది. కుడిచేతిలో సూది ఉంటుంది కాబట్టి నాబ్ ఎడమచేతి వైపు పెట్టించుకుంది. కొంచెం తిప్పింది. గది నిండా వెలుగు.

"ఇదేమిటండీ, తలుపు గడియ తీయగానే సంతంతా లోపలికొచ్చినట్టుంది" అంది.

"ఇంకా పావు వంతే తిప్పావు. చాలా ఉంది."

"ఉంది, కానీ ఆ తర్వాత ఎంత తిప్పినా మార్పేం లేదుగా. ఉన్నదంతా ఈ మొదట్లోనే ఇరుక్కుంది. నాకు కావలసిన చోటు గోరంత కూడా లేదు. చెయ్యి వణికితే దాటిపోతోంది."

మామయ్య మీటరు తెచ్చారు. పావు తిప్పితే పావు కరెంటు, సగం తిప్పితే సగం, ముప్పావుకు ముప్పావు. "చూడు, తూకం వేసినట్టుంది. సమానంగా పెరుగుతోంది" అన్నారు.

"మీ మీటరుకు సమానంగా ఉందేమో. నా కళ్ళకు లేదు."

"కళ్ళకు అలా అనిపిస్తుంది. అసలు సంగతి అంకె చెబుతుంది."

అత్తయ్య కోటు మడిచి పక్కన పెట్టింది. "అయితే ఆ మీటరుకే సూదిచ్చి కుట్టించండి" అని లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఇంత జవాబు ఆవిడ నోట్లోంచి వస్తుందని నేను అనుకోలేదు. ఆయనా అనుకోలేదు.

ఇక్కడ రేడియో గురించి చెప్పాలి. మామయ్య దగ్గర ఒక పాత ట్రాన్సిస్టర్ రేడియో ఉంది. ఆయన సొంతంగా తయారుచేసుకున్న మొదటిది, చెక్కపెట్టెతో సహా. పక్కన మీగడ రంగు నాబ్. తిప్పితే ముందు టిక్కుమని రేడియో మొదలవుతుంది, ఆ తర్వాత తిప్పినకొద్దీ గొంతు పెరుగుతుంది. రోజూ పొద్దున వార్తలకు ఆయన పెంచుతారు. అత్తయ్య వంటింట్లోంచి వస్తూ ఒకసారి తగ్గిస్తుంది. ఆవిడ అటు వెళ్ళగానే ఆయన పెంచుతారు. ఆయనకు చెవులు కొంచెం మందం, ఆ మాట ఒప్పుకోరు. "స్టేషను వీక్‌గా ఉంది" అంటారు. వాళ్ళ సంసారంలో నేను చూసిన పోట్లాటంతా ఆ నాబ్ మీదే జరిగింది.

గురువారం పొద్దున వార్తలు మొదలయ్యాయి. ఆయన చెయ్యి నాబ్ మీద పెట్టి పెంచుతూ, ఉన్నట్టుండి ఆగిపోయారు. తగ్గించారు. మళ్ళీ పెంచారు. మళ్ళీ తగ్గించారు. అత్తయ్య పోపు పెడుతూ "ఏమైంది, పూనకమా?" అంది.

"నేనెంత మూర్ఖుణ్ణి" అన్నారాయన. ఆ మాట ఆయన నోట వినడం నాకు అదే మొదలు. "రేడియో కంట్రోల్ సమానంగా పెరగదమ్మా. మొదట్లో చాలా కొంచెం కొంచెం పెరిగి, చివర్లో ఒక్కసారిగా పెరుగుతుంది. కావాలని అలా చేస్తారు. ఎందుకంటే చెవికి చిన్న శబ్దంలో చిన్న తేడా కూడా తెలుస్తుంది, పెద్ద శబ్దంలో పెద్ద తేడా ఉంటేనే తెలుస్తుంది. కన్నూ అంతే కదా! ముప్పై ఎనిమిదేళ్ళు అందరి చెవులకూ సరిపడే కంట్రోళ్ళు ఏరి ఏరి బిగించాను. ఇంట్లో మనిషి కళ్ళకు వచ్చేసరికి మీటరు చూపించి నోరు మూయించాను."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

ఆయన టిఫిను కూడా తినకుండా బల్ల దగ్గరికి పరుగెత్తారు. B అంటే సమానంగా పెరిగేది, A అంటే వాల్యూముకు వాడేది. నాలుగో డబ్బాలో చెయ్యిపెట్టి A అని రాసి ఉన్న కంట్రోల్ ఒకటి తీసి, తుడిచి, పావుగంటలో బిగించారు. అత్తయ్యను చెయ్యిపట్టి తీసుకొచ్చి కూర్చోబెట్టారు. ఆవిడ తిప్పింది.

గది నిండా వెలుగు. నిన్నటిలాగే.

ఆయన తానే తిప్పి చూశారు. మళ్ళీ తిప్పారు. తర్వాత మెల్లగా బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు. ఐరన్ ప్లగ్గు పీకేసి, తీగను చేతికి చుట్టుకుంటూ, ఎవరితోనూ కాకుండా అన్నారు. "ఆవిడకు కళ్ళు పోయాయి, నాకు చెయ్యి పోయింది. ఇద్దరం రిటైరైపోవాలి."

సోమవారం సూదుల డబ్బా, ఇవాళ ఐరను. ఇల్లంతా ఒక్కో పనిముట్టూ మూతపడుతోందనిపించింది. అయితే నాకు ఏడవడం చేతకాదు, తప్పు వెతకడం వచ్చు. ఆయన అప్పుడే బిగించిన ఆ పాత A కంట్రోల్ విప్పి భూతద్దం కింద పెట్టాను. నిన్నటి కొత్తదీ పక్కన పెట్టాను.

"మామయ్యా, ఈ రెండూ ఒకే కంపెనీవా?"

"కాదు. అది ఎప్పటిదో. మా గురువుగారి కాలంది."

"మా ప్రెస్సులో ఒక్కో పబ్లిషరుకు ఒక్కో గుర్తుంటుంది. ఒకరికి చుక్క అంటే తీసెయ్యమని, ఇంకొకరికి అదే చుక్క అంటే ఉంచమని. మీ A ఎప్పుడూ ఒకటే A నా?"

ఆయన నా మొహం చూశారు. మీటరు తీసి, ఆ పాత కంట్రోల్ని సరిగ్గా సగానికి తిప్పి, తీగలు ఆనించారు. మొత్తం పది వేలకు అయిదు వేల ఓములు. సగం తిప్పితే సగం. పేరుకు A, బుద్ధికి B.

"గురువుగారి రోజుల్లో మా దగ్గరికొచ్చే భాగాల మీద A అంటే సమానంగా పెరిగేదే" అన్నారు నీరసంగా నవ్వుతూ. "తర్వాత వచ్చినవాటికి అక్షరం తిరగబడింది. రెండూ నాకు తెలుసు. ఏ కాలం డబ్బాలో చెయ్యి పెట్టానో చూసుకోలేదు."

"మీరు కొలవకుండా బిగించారా? మీరా?"

"A ఉంది కదా, అదే అయుంటుందని అనిపించింది."

ఆ మాట నోరు దాటాక గాని ఏమన్నారో ఆయనకు తెలియలేదు. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. లోపలినుంచి అత్తయ్య "ఏమనిపించింది?" అంది. ఇంక ఆపుకోవడం ఎవరివల్లా కాలేదు. ఆయన కూడా నవ్వారు. తీగ చేతినుంచి విప్పి ఐరన్ మళ్ళీ ప్లగ్గులో పెట్టారు.

అప్పటినుంచి ప్రతి కంట్రోలూ సగానికి తిప్పి కొలవడమే. అసలైన వాల్యూము రకం అయితే సగం దగ్గర వెయ్యి, పదిహేను వందల ఓములే చూపించాలట. గురువారం సాయంత్రానికి పదకొండు డబ్బాలూ అయ్యాయి. మూడు దొరికాయి. ఒకదానికి కాడ విరిగింది. మిగతా రెండిటి లోపలి పట్టీలు అరిగిపోయాయి. రేడియోలో అయితే తిప్పినప్పుడు గరగరమంటాయి, అంతే. దీపంలో ఆ గరగర మిణుకుమిణుకు అవుతుంది. ఆ మిణుకు అత్తయ్య కళ్ళకు పడదు. శుక్రవారం పొద్దున్నే ఇద్దరం బజారుకు వెళ్ళాం. ఐదు కొట్లు తిరిగాం. "వాల్యూము కంట్రోళ్ళు ఎవరడుగుతున్నారండీ ఇప్పుడు, అంతా బటన్లేగా" అన్నారు. చివరి కొట్టతను తెప్పిస్తానన్నాడు, రెండు వారాలు పడుతుందట. ఒకటి తెప్పించమని చెప్పి, నేను ప్రెస్సుకు, ఆయన ఇంటికి. ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. కోటు మడత పెట్టినట్టే ఉంది, లాయరమ్మ మర్నాడే వస్తుంది.

ఆ రోజు ప్రెస్సులో నేను రెండు తప్పులు వదిలేశానని తర్వాత తెలిసింది. నాలుగింటికి పర్మిషన్ పెట్టి ఇంటికొచ్చాను.

గుమ్మంలో చెప్పులు విడుస్తూనే చూశాను. అత్తయ్య కోటు మీదికి వంగి ఉంది. దీపం వెలుగుతోంది, మరీ తెల్లగా కాదు, మరీ మందంగా కాదు. ఆవిడ ఎడమచెయ్యి నాబ్ మీద ఉంది. సూది ఒకసారి కిందికి దిగి పైకి వచ్చేసరికి ఆ చెయ్యి నాబ్‌ను ఇంచుక తిప్పింది. వెలుగు కూడా ఇంచుకే మారింది. మళ్ళీ సూది. నల్ల బట్ట మీద నల్ల పోగు, రెండు పైన, రెండు కింద. నేను వచ్చినట్టు కూడా ఆవిడకు తెలియదు. గోడకు చేరబడి నిలబడిపోయాను. నేను తేలిగ్గా కరిగే మనిషిని కాను, కానీ ఆ పూట నా కళ్ళకు కూడా వెలుతురు చెదిరింది.

"ఎక్కడ దొరికింది మామయ్యా?" అని వరండాలోకి వెళ్ళి అడిగాను.

"దొరికింది" అన్నారు. అంతే. ఇంకేదో సర్దుకుంటున్నట్టు బల్ల కిందికి వంగారు.

మర్నాడు పొద్దున వార్తలప్పుడు అసలు సంగతి తెలిసింది. రేడియో ఎవరో గుసగుసలాడుతున్నట్టు నెమ్మదిగా పలుకుతోంది. ఆయన పెంచడం లేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, చెవి పెట్టెకు ఆనించినంత పనిచేసి వింటున్నారు. నేను కాఫీ ఇవ్వబోతూ చూశాను. పెట్టె పక్కన మీగడ రంగు నాబ్ ఉండాల్సిన చోట నల్ల టేపు అంటించి ఉంది. రేడియో మొదలుపెట్టడానికి వెనక ఒక చిన్న మీట. నేను నోరు తెరిచాను. ఆయన గుడ్లురిమి చూశారు. మూసేశాను.

లాయరమ్మ మధ్యాహ్నం రెండింటికి వచ్చింది. చిన్న పిల్ల, ఆ కోటు వాళ్ళమ్మదట, సోమవారం అది వేసుకుని మొదటి కేసు వాదించాలట. అత్తయ్య కోటు చేతికిచ్చి, "ఎక్కడ చిరిగిందో చూపించు" అంది. ఆ పిల్ల కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళింది, తిరగేసింది, తడిమింది. మామయ్య కూడా లేచి భూతద్దం పెట్టి చూశారు. నేను సరేసరి, తప్పులు పట్టడమే నా ఉద్యోగం. ముగ్గురం కలిసి పది నిమిషాలు వెతికాం. దొరకలేదు.

ఆ పిల్ల వెళ్ళాక అత్తయ్య నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. "నా సూదులు ఇలా ఇయ్యి. గుండీలకు వేరేవి కొనుక్కో" అంది.

సాయంత్రం ఇద్దరం గిన్నెలు సర్దుతుంటే ఆగలేక అడిగాను. "అత్తయ్యా, ఆ నాబ్ ఎక్కడిదో మీకు తెలుసా?"

"బాగుందే. ఇన్నేళ్ళుగా రోజూ తగ్గించిన నాబ్ నాకు తెలీదా? టిక్కుమనే ముందు కొంచెం పట్టేస్తుంది చూడు, వేలు పెట్టగానే తెలిసింది."

"మరి ఆయనతో అనలేదేం?"

"అంటే ఏమంటారు, అలా అనిపించిందంతే అంటారు" అని నవ్వి, ఇంకో గిన్నె అందుకుంది. కాస్సేపయ్యాక, "పాపం, వార్తలు సరిగ్గా వినబడడం లేదు ఆయనకు. ఆ కొత్తది రాగానే రేడియోకి పెట్టించు" అంది.

రెండు వారాలకు కొత్తది వచ్చింది. A అని ఉంది, స్విచ్చుతో సహా. అప్పటికి అత్తయ్య చేతి కింద మూడు శాలువాలు, ఒక కోటు ఉన్నాయి. నేను ఆ పొట్లం తీసుకెళ్ళి వరండాలో ఇచ్చాను. మామయ్య సగానికి తిప్పి కొలిచారు. పన్నెండు వందలు. తల ఊపి, నాలుగో డబ్బా తీసి అందులో వేయబోయారు.

"అదేమిటి, రేడియోకి బిగించరా?"

"రేడియోకేం రోగం? బాగానే పలుకుతోంది."

"మీకు వినబడుతోందా?"

"దగ్గర కూర్చుంటే వినబడుతుంది."

డబ్బా మూత తెరిచే ఉంది. లోపల చిన్న కాగితం ముక్క కనబడింది. అక్షరాలు కనబడితే చదవకుండా ఉండలేను, అది నా జబ్బు. ఆయన పొందికైన చేతిరాతలో, కింద ఆ శుక్రవారం తేదీ వేసి, ఇలా ఉంది: 'ఆవిడ తగ్గించి ఉంచిన చోటు. నాబ్ కదపకుండా బ్యాటరీ తీసి ఆపి, ఊడదీసి కొలిచినది. 368 ఓములు.'

రేడియోలో ఆ నాబ్ బదులుగా ఆయన అతికిన రెసిస్టరు సరిగ్గా అన్ని ఓములదే. పెరగదు, తగ్గదు. ఇంక ఆ రేడియో ఎప్పుడు పాడినా అత్తయ్యకు నచ్చే గొంతుతోనే పాడుతుంది. సుమారుగా కాదు, ఓముల లెక్కన.

"మామయ్యా" అన్నాను.

"ఆ కాగితం అక్కడే ఉంచమ్మా" అని ఆయన మూత పెట్టేశారు. రేడియో చంకన పెట్టుకుని లోపలికి వెళ్ళారు. వార్తల వేళయింది. పని గదిలో అత్తయ్య పక్కన స్టూలు మీద బట్టల మూట ఉంది. ఆవిడ తల ఎత్తలేదు, సూది ఆపలేదు. ఎడమచేత్తో ఆ మూట తీసి కింద పెట్టి, స్టూలు ఆయన వైపు జరిపింది.